పిట్టగోడ మీది వాన బుడ్డి

మా తమ్ముడు వేణుగోపాల్ వంటింట్లో కూర్చుని, కూరగాయల కత్తితో పెద్ద కూల్‌డ్రింకు సీసాను మెడ దగ్గర కోస్తూ మా మరదలికి దొరికిపోయాడు.

"ఏమండి, ఆ కత్తితోని నేను కొత్తిమీర కొయ్యాలె. ఏం జేస్తున్రు?" అంది లక్ష్మీకాంతమ్మ.

"సైన్సు."

"సైన్సు వంటింట్లనే ఎందుకు? ముంగటి రూముల జేసుకోరాదు?"

"ముంగటి రూముల కత్తి లేదు గద."

మా తమ్ముడి జవాబులన్నీ ఇలాగే ఉంటాయి. తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. పనికొచ్చేదీ ఏమీ ఉండదు.

ఆ సీసా కథ మీకు చెప్పాలంటే ముందు ఆయన కుళ్లు సంగతి చెప్పాలి. పక్కింటి వాళ్ల నగలు చూసి కుళ్లుకునే వాళ్లను మీరు చూసే ఉంటారు. ఎదురింటి వాళ్ల కారు చూసి అన్నం మానేసిన వాళ్లనూ చూసే ఉంటారు. మా తమ్ముడు కుళ్లుకున్నది వాతావరణ అంచనాను చూసి. అదీ ఒక పూట అంచనా కాదు, నెల మొత్తానికీ ముందుగానే చెప్పే అంచనా.

హుస్సేనీ ఆలంలో మా ఇల్లూ, అబ్దుల్ వాహెద్ ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. కింద నిలువెత్తున్న గోడ మేడ మీదికి వచ్చేసరికి నడుమెత్తు పిట్టగోడ అవుతుంది. రెండిళ్ల వ్యవహారాలన్నీ దాని మీదుగానే సాగుతాయి. ఇటునుంచి అటు ఆవకాయ పోతుంది, అటునుంచి ఇటు షీర్ కుర్మా వస్తుంది. మాటలైతే రెండు వైపులా ఆగకుండా పోతూనే ఉంటాయి.

మా వారు పోయాక నేను తమ్ముడి ఇంటికి వచ్చేశాను. మేడమెట్ల పక్క గది నాది. ఆ ఇంట్లో మేడ ఎక్కాలంటే ఎవరైనా సరే నా మంచం దాటుకునే ఎక్కాలి. అందుకే నాకు ఇన్ని సంగతులు తెలిశాయి. లేకపోతే ఇతరుల విషయాలు నాకెందుకు?

మా తమ్ముడు కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పొద్దున్నే మేడెక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశాన్ని ఒకసారి తనిఖీ చేసేవాడు. లారీలో వచ్చిన సరుకును చూసినట్టే చూసేవాడు. కింద గల్లీలోంచి ఎవరో ఒకరు అడిగేవారు.

"వేణన్నా, ఇయ్యాల వాన పడ్తదా?"

"పడొచ్చు."

పడితే, "నేను చెప్పలే?" అనేవాడు. పడకపోతే, "పడ్తది అన్ననా? పడొచ్చు అన్న" అనేవాడు. అన్నేళ్లలో ఆయన మాట ఒక్కసారి కూడా తప్పలేదు. గల్లీ వాళ్లు 'పడొచ్చు వేణుగోపాల్' అని పేరు పెట్టారు. ఆయన దాన్ని బిరుదు అనుకున్నాడు.

రంజాన్ నెలవంకను గల్లీలో అందరికంటే ముందు చూసేది కూడా ఆయనే. వాహెద్ ఇంటివాళ్లు పిట్టగోడ దగ్గర చేరి, "దిఖా క్యా వేణు భాయ్?" అని అడిగితే, చంద్రుణ్ని తానే స్టోర్సులోంచి తీసి ఇస్తున్నంత దర్జాగా వేలు చూపించేవాడు. ఆకాశం తన డిపార్ట్‌మెంటు అని ఆయన నమ్మకం.

ఏప్రిల్ ఆఖరులో ఒక సాయంత్రం ఆ నమ్మకానికి పెద్ద చిల్లు పడింది.

వాహెద్‌కు లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణం ఉంది. రోజంతా గాజుల మీద చమ్కీలు, రాళ్లు అతికించే మనిషి కాబట్టి ఆయన ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ తళుక్కుమంటుంది. ఆ సాయంత్రం ఫోను చేత్తో పట్టుకుని మా ముందు గదిలోకి వచ్చాడు.

"భాభీ, మే నెల మౌసమ్ వచ్చేసింది."

"మే నెలే రాలేదు గద భాయ్?" అంది కాంతమ్మ.

"నెల రాలే. మౌసమ్ వచ్చింది. ఇప్పుడు నెల ముంగటనే చెప్తున్రు. మా బిడ్డ మహీన్ ఫోన్ల పంపింది, సునో." గొంతు సవరించుకుని చదివాడు. "రాష్ట్రంలో చాలా ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రతలు సాధారణం కంటే ఎక్కువగా, వర్షపాతం సాధారణం కంటే తక్కువగా నమోదయ్యే అవకాశం ఉంది."

కాంతమ్మ మొహం వెలిగిపోయింది. మా ఇంట్లో మే నెల అంటే వడియాల నెల. సగ్గుబియ్యం ఉడికించి, జీలకర్ర వేసి, మేడ మీద పాత చీరలు పరిచి గరిటెతో పెడుతుంది. బంధువులందరికీ ఏడాది పొడవునా సరిపోవాలి. పోయినేడు సగం వడియాలు వానలో జావ అయిపోయాయి. ఆ పొద్దున మా తమ్ముడు చెప్పిన మాట కూడా "పడొచ్చు" అనే.

"అంటే ఈ ఏడు భయం లేకుండ వడియాలు పెట్టుకోవచ్చన్న మాట. కూసోండి భాయ్, చాయ్ తెస్త" అని లోపలికి పోయింది.

మా తమ్ముడు ఫోను లాక్కున్నాడు. "ఏదీ, చూడనియ్యి. ఇండ్ల మన హుస్సేనీ ఆలం యాడున్నది?"

"జర జూమ్ కరో."

ఆయన జూమ్ చేశాడు. ఇంకా చేశాడు. చివరికి ఫోను నిండా నారింజ రంగు తప్ప ఏమీ మిగల్లేదు.

"ఏం లేదు గద! అంత రంగే!"

"అదే మన హుస్సేనీ ఆలం వేణు భాయ్. మనం ఆ రంగు లోపల ఉన్నం."

మా తమ్ముడు ఆ అంచనాను మళ్లీ చదివి, ఒక మాట దగ్గర ఆగాడు. "అవకాశం ఉందంట! అక్కా, ఇన్నవా? అవకాశం! నేను ఇన్నేండ్ల సంది చెప్తున్నది గదే గద! నేను 'పడొచ్చు' అంటే నవ్విన్రు. వాళ్లు 'అవకాశం' అంటే రంగులేసి మ్యాపు గీసిన్రు!"

చాయ్ తెస్తూ కాంతమ్మ అందుకుంది. "మీది పొద్దుగాల చెప్తే పొద్దుగూకేదాంక నడ్వది. వాళ్లు నెల మొత్తానికి ఒక్కసారే చెప్తున్రు. మీది చిల్లర బేరమండి. వాళ్లది హోల్‌సేలు."

మా తమ్ముడు చాయ్ నోట్లో పెట్టుకుని ఆగాడు. వాహెద్ కప్పు వైపు ముక్కు చాచాడు.

"ఏమే, ఆయన చాయ్‌ల ఇలాచీ వాసనొస్తున్నది. నా దాంట్ల లేదు."

"మీరు మౌసమ్ ఏం చెప్పలే గద."

అసలు అగ్గి అక్కడ అంటుకుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్రతి పనికీ వాహెద్ భాయ్ పేరే. దుప్పట్లు ఉతకాలంటే, "వాహెద్ భాయ్ చెప్పిండు, ఎండలు గట్టిగున్నయంట." కూలర్‌లో గడ్డి మార్చాలంటే, "వాహెద్ భాయ్ చెప్పిండు." ఒకరోజు చింతపండు పులుసు కాస్త పులుపెక్కితే మా తమ్ముడు, "ఇది కూడ వాహెద్ భాయే చెప్పిండా?" అని పళ్లెం పక్కకు నెట్టాడు.

గల్లీ కూడా మారిపోయింది. మా తమ్ముడు అలవాటు ప్రకారం పొద్దున్నే మేడ మీద నిలబడితే, కింద కుట్టుమిషన్ దుకాణం ఎల్లేష్ తలెత్తి, "వేణన్నా, జర పక్కకు జరుగు. వాహెద్ భాయ్ లేచిండా చూడాలె" అన్నాడట. ఆ పూట మా తమ్ముడు ఇడ్లీలు కూడా లెక్కకు తక్కువ తిన్నాడు.

మర్నాడు సాయంత్రం ఆయన పిట్టగోడ దగ్గర నిలబడి, రెండిళ్ల వాళ్లమూ వింటుండగా ప్రకటించాడు.

"ఈ మే నెలల వాన ఎక్కువ పడ్తది."

అందరం నోళ్లు తెరిచాం. 'పడొచ్చు' అని కాదు, 'పడ్తది' అన్నాడు. ఇన్నేళ్లలో మొదటిసారి.

అటువైపు వాహెద్ గడ్డం నిమిరాడు. "పక్కా, వేణు భాయ్?"

"పక్కా! మామూలుకన్న ఎక్కువ పడ్తది. కావాల్నంటే కొల్చుకుందం."

"శర్త్ లగావ్ మరి!"

అప్పుడు కాంతమ్మ మధ్యలోకి వచ్చింది. "గట్లనే పెట్టుకోండి. ఓడినోళ్లు ఇగ జన్మల వాన మాట ఎత్తొద్దు. ఇంకోటి, మా వడియాలకు, కుబ్రా మిరపకాయలకు ఎండల కాకుల కావలి కూసోవాలె. ఎండేదాంక."

"హౌ, హౌ! మిర్చీలకు గూడ!" అని అటునుంచి వాహెద్ భార్య కుబ్రా వంత పాడింది.

ఆ షరతు ఎంత చప్పున వచ్చిందంటే, ఎప్పుడో వండి చల్లార్చి పెట్టుకున్నట్టు అనిపించింది నాకు. కాని మొగవాళ్లిద్దరూ మీసాలు సవరించుకునే పనిలో ఉన్నారు. వాళ్లకు అనిపించలేదు.

నేను మొదట చెప్పిన సీసా కోయడం అప్పుడు జరిగింది. కోసిన మెడను తలకిందులు చేసి గరాటులా సీసా మీద పెట్టాడు. రెండు ఇటుకల మధ్య ఇరికించి, సరిగ్గా పిట్టగోడ నడిమధ్యన నిలబెట్టాడు. వాహెద్ కూతురు మహీన్ కాలేజీలో చదువుతుంది. మే నెలలో మన దగ్గర మామూలుగా ఎంత వాన పడుతుందో ఫోనులో చూసి, స్కేలుతో కొలిచి, తన ఎర్ర గోళ్లరంగుతో సీసా మీద ఒక గీత గీసింది. నెలాఖరుకు నీళ్లు గీత దాటితే మా తమ్ముడు గెలిచినట్టు. దాటకపోతే వాహెద్ గెలిచినట్టు. దానికి 'వాన బుడ్డి' అని పేరు పెట్టాం.

మే నెల వచ్చింది. ఎండ వచ్చింది. వాన రాలేదు.

మొదటి వారమంతా వాన బుడ్డిలో ఒక చీమ తప్ప ఏమీ పడలేదు. మా తమ్ముడు రోజూ పోయి చూసొచ్చేవాడు. వాహెద్ అటునుంచి, "క్యా వేణు భాయ్, బాఢ్ వచ్చిందా? పడవ తెప్పించాల్నా?" అని అడిగేవాడు. అది విని కాంతమ్మ పకపకా నవ్వేది. వాహెద్ మాట కంటే ఆ నవ్వే మా తమ్ముడిని ఎక్కువ కాల్చింది.

"నేను జోకు చెప్తే ఎప్పుడన్న గట్ల నవ్వినవా?"

"మీరు జోకు ఎప్పుడు చెప్పిన్రు?"

"పెండ్లైన కొత్తల చెప్పిన."

"అది జోకా? అయ్యో, నాకు చెప్పాలె గద! నేను నిజమే అనుకుని ఏడ్చిన."

ఆ మర్నాడు మధ్యాహ్నం, అందరూ అన్నాలు తిని నడుం వాల్చిన వేళ, మా తమ్ముడు చెప్పులు చేత పట్టుకుని, పిల్లి నడకతో నా మంచం దాటాడు.

"ఎటురా ఇంత ఎండల?"

ఉలిక్కిపడ్డాడు. "మబ్బు చూసొస్త అక్కా."

"మబ్బు చూసేటందుకు చెంబెందుకు?"

"దూపైతది గద" అని మెట్లెక్కేశాడు.

మేడ మీద మెట్ల తలుపు పక్కన, నీడలో కాంతమ్మ ఒక బకెట్ నీళ్లు మూత పెట్టి ఉంచుతుంది, వడియాలు పెట్టే ముందు నేల చల్లబరచడానికి. అందులోంచి కాసిన్ని నీళ్లు వాన బుడ్డిలోకి బదిలీ అయ్యాయని మీకు వేరే చెప్పక్కర్లేదు.

సాయంత్రం గంభీరంగా అందరినీ పిలిచాడు. "చూడున్రి. జల్లు పడ్డది."

కాంతమ్మ బుడ్డిని చూసింది, ఆకాశాన్ని చూసింది, మొగుణ్ని చూసింది. "ఎప్పుడు పడ్డది?"

"మధ్యాహ్నం. మీరంత పండుకున్నప్పుడు."

"తీగ మీద చీరలున్నయ్. ఒక్కటి గూడ తడవలే?"

"చిన్న జల్లు. బుడ్డి మీదనే పడ్డది."

వాహెద్ కళ్లు చిన్నవి చేశాడు. "గంత చిన్నదా?"

"వార్తలల్ల చెప్తరు గద, అక్కడక్కడ జల్లులు అని. అక్కడ అంటే గిక్కడ."

వాహెద్ తల గోక్కున్నాడు. ఆయన తలలో రెండు చమ్కీలు మెరిశాయి.

ఇక వరసగా జల్లులు మొదలయ్యాయి. అన్నీ మధ్యాహ్నమే, అన్నీ బుడ్డి మీదే. కాని ఒక విచిత్రం జరిగింది. మా తమ్ముడు ఎంత పోసినా నీళ్లు గీత దాకా ఎక్కడం లేదు. ఇవాళ వేలు మందాన పోస్తే రేపటికి అందులో సగమే ఉండేది. ఆయనకు కంగారు పుట్టింది. అన్నం దగ్గర కూర్చుని పరధ్యానంగా అనేవాడు.

"ఎండలు మామూలుకన్న ఎక్కువే ఉన్నట్టున్నయే. నీళ్లు నిలుస్తలేవు."

"గదే గద వాహెద్ భాయ్ చెప్పింది!"

"నేను వాన సంగతి మాట్లాడుతున్న!"

"మీరు ఎండ అన్నరు ఇప్పుడే."

ముద్ద గొంతులో అడ్డం పడి నీళ్లు తాగాడు. పాపం, ఆ అంచనాను ఓడించాలని బయల్దేరిన మనిషి, అందులో సగం నిజమని తన నోటితోనే ఒప్పుకోవాల్సి వచ్చింది.

అటు వాహెద్ పరిస్థితీ ఏమంత బాగాలేదు. ఒకరోజు పిట్టగోడ దగ్గర నాతో మెల్లగా అన్నాడు. "ఆపా, ఒక మాట అడుగుత. మబ్బు లేకుండ గూడ వాన పడ్తదా? నేను ఎప్పుడు చూసినా బుడ్డిల నీళ్లుంటున్నయ్. నాకు మౌసమ్ వాళ్ల మీద జర షక్ వస్తున్నది."

నాకు ఆయన మీద జాలి వేసింది. ఆ జాలి సరిగ్గా మర్నాటి మధ్యాహ్నం దాకా ఉంది.

మర్నాడు మా తమ్ముడు తన జల్లు కురిపించి కిందికి దిగి, గురక మొదలుపెట్టాడు. ఆరేసిన నా చీర గాలికి ఎగిరిపోతుందేమోనని నేను మేడెక్కాను. తలుపు సందులోంచి చూద్దును కదా, పిట్టగోడకు అటువైపు నుంచి ఒక చెయ్యి మెల్లగా లేచింది. ఆ చెయ్యి గరాటును ఎత్తి పక్కన పెట్టింది. బుడ్డిలో వేళ్లు పెట్టి పట్టుకుని, వంచి, నీళ్లు సగం దాకా ఒంపేసి, మళ్లీ గరాటును యథాస్థానంలో పెట్టింది. ఎండలో ఆ వేళ్లు తళతళా మెరిశాయి.

అన్నానికి ఇంటికొచ్చిన వాహెద్ భాయ్, దుకాణానికి తిరిగి పోయే ముందు రోజూ చేసే పని అదన్న మాట!

ఒకాయన పోస్తున్నాడు, ఒకాయన తీస్తున్నాడు. పోసేవాడు ఎండ తాగుతోందని అనుకుంటున్నాడు. తీసేవాడు ఆకాశం కురుస్తోందని అనుకుంటున్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు. టీవీ చెడిపోయి చాలా రోజులైంది. నాకు మాత్రం కాలక్షేపం వద్దా?

నెలాఖరు రోజు వచ్చింది. గోళ్లరంగు గీత కింద నీళ్లు ఇంకా చాలా దూరంలో ఉన్నాయి. మా తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. మర్నాటి నుంచి వాన మాట ఎత్తకూడదు. ఆకాశం డిపార్ట్‌మెంటు చేజారిపోతుంది. జీవితాంతం ఇలాచీ లేని చాయ్ తాగాలి.

ఆ పొద్దున కాంతమ్మ ఈ ఏటి ఆఖరి వాయి వడియాలు పెట్టింది, మూడు చీరల నిండా. అటు కుబ్రా మిరపకాయలు పరిచింది. మేడలు రెండూ ఒకటి తెల్లగా, ఒకటి ఎర్రగా ఉన్నాయి.

మధ్యాహ్నం చాయ్ వేళకు పడమటి దిక్కు నల్లబడింది. దుమ్ము లేచింది. తలుపులు దబదబా కొట్టుకున్నాయి. తర్వాత ఒక్కసారిగా మొదలైంది, నిజం వాన. బుడ్డి మీద ఒక్కదాని మీదే కాదు, అందరి మీదా.

"వడియాలు!" అని అరుస్తూ కాంతమ్మ మెట్లెక్కింది. వెనకే నేను. మా తమ్ముడు మా ఇద్దరినీ నెట్టుకుని ముందుకు దూకాడు. ఎంత ప్రేమ అనుకున్నాను వడియాల మీద!

ఆయన వడియాలను తొక్కుకుంటూ పోయి బుడ్డి ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. "పడు తల్లీ, పడు! ఇంకా పడు!"

అదే సమయానికి అటు మెట్లలోంచి వాహెద్ ఊడిపడ్డాడు, నల్లగొడుగుతో. మిరపకాయలకు పడతాడనుకుంటే, ఆ గొడుగును తెరిచి బుడ్డికి పట్టాడు!

"అరే! ఛత్రి తియ్యి వాహెద్ భాయ్! ఇది మోసం!"

"మోసం కైకు? నా ఛత్రి, నా ఇష్టం. నా దిక్కు సగం గోడ గూడ నాదే!"

"మరి వాన సగం గూడ నీదేనా? తియ్యి!"

"నక్కో వేణు భాయ్, లాగకు, ఛత్రి కొత్తది!"

"మియా! మిర్చీలు తడుస్తున్నయ్!" అని కుబ్రా అరుస్తోంది.

"ఏమండి! ఆ చీర అంచు పట్టండి!" అని కాంతమ్మ అరుస్తోంది.

రెండు మేడల మీదా ఆడవాళ్లం నీళ్లలో చీరలు లాగుతుంటే, మనవలను ఎత్తుకోవాల్సిన వయసున్న ఇద్దరు మొగవాళ్లు ఒక గొడుగు కోసం గుంజులాడుకుంటున్నారు. చివరికి గాలికి ఆ గొడుగు తిరగబడి, వాళ్లిద్దరి చేతుల్లోంచీ లేచి, గల్లీ మీదుగా ఎగురుకుంటూ పోయి ఎల్లేష్ దుకాణం రేకుల మీద వాలింది. ఎల్లేష్ బయటికి వచ్చి పైకి చూసి, "వాహెద్ భాయ్, ఇది గూడ నెల ముంగటనే చెప్పిన్రా?" అని అడిగాడు.

వాన వచ్చినంత వేగంగానూ పోయింది. మూడు చీరల వడియాలూ ఒక్కటిగా కలిసి జావ అయ్యాయి. కుబ్రా మిరపకాయలు ఈత నేర్చుకుంటున్నాయి. వాన బుడ్డిలో నీళ్లు గోళ్లరంగు గీత దాటి నిలబడ్డాయి.

"దాటింది! గెలిచిన! అక్కా, నువ్వే చూడు!" బనీను పిండుకుంటూ మా తమ్ముడు గంతులేశాడు. బుడ్డిని ఎత్తుకుని, పసిపిల్లను తెచ్చినట్టు కిందికి తెచ్చి ముందు గదిలో బల్ల మీద పెట్టాడు. వాహెద్ కుటుంబం అంతా మా ఇంటికే వచ్చింది.

కాంతమ్మ వంటింట్లోకి పోయి ఒక గిన్నె, చాయ్ వడపోసే జాలీ తెచ్చింది.

"అవెందుకే?" అన్నాడు మా తమ్ముడు.

"వాన నీళ్లల్ల దుమ్ముంటది. వడకట్టి కొలుస్త."

బుడ్డిని నెమ్మదిగా జాలీలోకి వంచింది. నీళ్లన్నీ గిన్నెలోకి దిగాయి. జాలీలో ఏదో మిగిలింది. కాంతమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూసి, జాలీని నా ముందుకు తెచ్చింది.

"వదినా, మబ్బులల్ల జీలకర్ర ఉంటదా?"

జాలీ అడుగున నానిన జీలకర్ర! పక్కనే రెండు మూడు ఉబ్బిన సగ్గుబియ్యం గింజలు.

"పోపు పెట్టిన మబ్బైతే ఉండొచ్చు" అన్నాను.

వాహెద్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "జీరా వాన! వాహ్ వేణు భాయ్, జీరా వాన కురిపించినవ్!" అని బల్ల మీద చరిచాడు.

కుబ్రా ముందుకు వచ్చి, జాలీ అంచున వేలు అద్ది పైకెత్తింది. ఆమె వేలి కొసన ఒక పచ్చ చమ్కీ, ఒక ఎర్ర చమ్కీ మెరిశాయి.

"ఔర్ యే క్యా హై జీ? ఆస్మాన్‌ల గూడ లాడ్ బజార్ ఉన్నదా?"

వాహెద్ నవ్వు సగంలో ఆగిపోయింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

నీళ్లు కారే బనీనుతోనే మా తమ్ముడు వాహెద్ వైపు తిరిగాడు.

"నువ్వు తీస్తున్నవా? నేను ఎండ అనుకున్న గద!"

"నువ్వు పోస్తున్నవా? నేను ఛుప్‌కే బారిష్, దొంగ వాన అనుకున్న గద!"

"అక్కా, నువ్వే చెప్పు. నమ్మిన మనిషి గిట్ల చేస్తడా?" అని మా తమ్ముడు ఎంతో బాధగా అడిగాడు.

"అయినా ఇయ్యాల పడ్డది అసలు వాననే గద?" అని వెంటనే మళ్లీ అందుకున్నాడు.

"అసలుదే" అంది కాంతమ్మ. "కని గిన్నెల దేవుని నీళ్లెన్ని, నా బకెట్ నీళ్లెన్ని? ఎవరు చెప్పాలె? ఊకె కూసున్నా గెలుస్తుంటిరేమో. మీరే పాడు జేసుకున్రు."

మా తమ్ముడి మొహం చూడాలి అప్పుడు. జావ అయిన వడియాలు కొంచెం నయం.

వాహెద్‌కు ఆశ పుట్టింది. "అంటే నేను..."

"మీరు గూడ కాదు భాయ్. చమ్కీ సాక్ష్యం చెప్తున్నది."

అప్పుడు మహీన్ ఫోను చూస్తూ తండ్రితో అంది. "అబ్బా, ఈ ఒక్క మబ్బు మన మీదనే పడ్డది. చుట్టుపక్కల యాడ పడలే. నెల లెక్క మొత్తం సాధారణం కన్న తక్కువే ఉన్నది. వాళ్లు చెప్పింది హుస్సేనీ ఆలం సంగతి కాదు, రాష్ట్రం సంగతి."

అంటే అంచనా గెలిచింది. మొగవాళ్లిద్దరూ ఓడిపోయారు. షరతు ఎప్పుడో ఖాయమైపోయి ఉంది. మళ్లీ సగ్గుబియ్యం ఉడకాలి, మళ్లీ మిరపకాయలు పరవాలి, మళ్లీ కావలి కూర్చోవాలి.

ఆ సాయంత్రం తడిసిన చీరలు పిండుతూ కాంతమ్మను అడిగాను. "బకెట్ల జీలకర్ర ఎట్ల పడ్డదే?"

ముసిముసిగా నవ్వింది. "బకెట్ల నీళ్లు తగ్గుతున్నయని మొదటి రోజే కనిపెట్టిన వదినా. అప్పటిసంది వడియాల గిన్నె కడిగిన నీళ్లే పోసి పెడుతున్న. ఆయనకు అద్దాలు లేకపోతే బకెట్టే సరిగ కనపడదు, జీలకర్రేం కనపడ్తది?"

"ముందే అడగకపోయినవా?"

"అడిగితే కావలి ఎవరు కూసుంటరు? పోయినేడు ఎండంత నేను, కుబ్రా కూసున్నం. నాకు మోకాళ్లు పోయినయ్, ఆమెకు కండ్లు తిరిగినయ్. వీళ్లేమో కింద ఫ్యాన్ల కింద పండిరి. కూసోండి అంటే కూసుంటరా? అందుకే ఇటు నేను 'వాహెద్ భాయ్ చెప్పిండు' అనుడు, అటు కుబ్రా 'వేణు భాయ్ మాట తప్పది' అనుడు. ఒకాయన పేరు పదిసార్లు తీస్తే, ఇంకొకాయన అడగకుండనే మేడెక్కుతడు వదినా. ఎవరో ఒకరు ఓడ్తరనుకున్నం. ఇద్దరు దొరికిన్రు."

మూడో రోజు పొద్దున నేను మేడెక్కేసరికి పిట్టగోడకు అటొక కుర్చీ, ఇటొక కుర్చీ ఉన్నాయి. రెండు కుర్చీల్లో ఇద్దరు మొగవాళ్లు, నెత్తిన తువాళ్లు, చేతుల్లో కర్రలు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

కింద నుంచి ఎల్లేష్ కేకేశాడు. "వేణన్నా, ఇయ్యాల వాన పడ్తదా?"

మా తమ్ముడి నోరు 'ప' దాకా తెరుచుకుంది. షరతు గుర్తొచ్చి మూసుకుంది. వేలితో వాహెద్‌ను చూపించాడు. వాహెద్ వేలితో ఆకాశాన్ని చూపించాడు.

కాంతమ్మ చాయ్ పళ్లెంతో పైకి వచ్చింది. మా తమ్ముడు ఫిర్యాదు మొదలుపెట్టాడు.

"ఏమే, కాకులన్నీ నా దిక్కే వస్తున్నయ్. ఆయన దిక్కు ఒక్కటి గూడ పోతలేదు. ఆయనేం మంత్రమేసిండు?"

"ఆయన దిక్కు మిరపకాయలున్నయండి. కాకులకు గంత తెలివుంటది."

ఆయన కప్పు అందుకుని ఒక గుక్క తాగి ఆగాడు. పిట్టగోడ మీదుగా వాహెద్ కప్పు వైపు ముక్కు చాచాడు.

"ఆయన చాయ్‌ల ఇలాచీ ఉన్నది! నా దాంట్ల మళ్ల లేదు!"

"మీ దాంట్ల జీలకర్ర వెయ్యమంటరా?"

మా తమ్ముడు కప్పు కింద పెట్టి, కర్ర అందుకుని, అక్కడ లేని కాకిని గట్టిగా తోలాడు.